నమ్మితే ఓడిపోయే రోజు

వాల్దెపెన్యాస్ ఊళ్ళో ఎవరిస్తో పొసువేలో పేరు తెలియనివాళ్ళు లేరు. అదేమీ గొప్ప సంగతి కాదు, ఊళ్ళో కరిచే కుక్క ఏదో కూడా అందరికీ తెలిసే ఉంటుంది. సంత వీధిలో మేకులు, గొళ్ళాలు, తాళాలు అమ్మే కొట్లో నలభై ఏళ్ళుగా కౌంటరు వెనక నిలబడ్డ మనిషి. ఏడాదిలో మూడువందల అరవై నాలుగు రోజులు అతనికంటే మర్యాదస్తుడు దొరకడు. ముసలమ్మ వచ్చి ఒకే ఒక్క మేకు అడిగినా విసుక్కోకుండా కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. మిగిలిన ఆ ఒక్క రోజు డిసెంబరు ఇరవై ఎనిమిది.

క్రిస్మస్ కథలోని హెరోదు రాజు పసిబిడ్డలందర్నీ నరికించిన రోజది. ఆ బిడ్డల్ని తలుచుకుని కళ్ళు తుడుచుకోవలసింది పోయి, ఒకరి చెవిలో ఒకరు పువ్వులు పెట్టుకుని నవ్వుకోవడం ఎప్పుడు మొదలైందో ఎవరూ చెప్పలేరు. కాగితంతో మనిషి బొమ్మ కత్తిరించి ఎదుటివాడి వీపుకి అంటిస్తారు. పంచదార డబ్బాలో ఉప్పు పోస్తారు. జరగని సంగతి జరిగినట్టు చెప్తారు. నమ్మినవాడి మొహం మీదే "ఇనోసెంతె!" అని అరుస్తారు. ఆ మాటకి అమాయకుడు అనీ అర్థమే, వెర్రివెంగళప్ప అనీ అర్థమే. ఆ రోజున మాత్రం రెండోదే చెల్లుతుంది. నమ్మినవాడు ఓడిపోయినట్టు లెక్క. ఎవరిస్తో తన ఎరుకలో ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఈ మాట అతను పెళ్ళిళ్ళలోనూ చెప్పుకునేవాడు, చావుల్లోనూ చెప్పుకునేవాడు.

మొదట్లో అన్నీ చిన్నవే. కొట్టు గుమ్మం ముందు జిగురు రాసి నాణెం అంటించడం, దానికోసం వంగి గోళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళని లోపల్నుంచి చూసి నవ్వడం. తర్వాత చెయ్యి తిరిగింది. పెళ్ళాం అంపారోకి టొలెడో చూడాలని కోరిక. అక్కడి పెద్ద గుడిలో పైకప్పుకి కన్నం పెట్టి, ఆ వెలుగు దేవదూతల బొమ్మల మీద పడేటట్టు కట్టారనీ, అది చూస్తే చచ్చిపోయినా ఫరవాలేదనిపిస్తుందనీ వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. ఊరికి రెండు గంటల దారి. తీసుకెళ్తా, తీసుకెళ్తా అని తొమ్మిదేళ్ళు గడిపాడు. తొమ్మిదో ఏడు డిసెంబరు నెలలో ఒక పొద్దున్నే లేపి, "లే, పెట్టె సర్దు, టొలెడో పోతున్నాం" అన్నాడు. ఆమె నీలం గౌను ఇస్త్రీ చేసుకుంది. దారిలో తినడానికి రొట్టెల మధ్య గుడ్డు అట్లు పెట్టి కట్టింది. ఆరేళ్ళ కూతురు నీవెస్‌కి కొత్త బూట్లు తొడిగి, గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడింది. అప్పుడు అరిచాడు. అంపారో కూడా నవ్వింది. ఆ రొట్టెలు మధ్యాహ్నం ఇంట్లోనే తిన్నారు. ఆ తర్వాత ఆమె టొలెడో మాట ఎత్తలేదు. మర్చిపోయింది కాబోలు అనుకున్నాడు ఎవరిస్తో.

అంపారో ఎనిమిదేళ్ళ కిందట పోయింది. అదీ మార్చి నెలలో. ఫోన్లు చేసి చెబుతుంటే సగంమంది ముందు నవ్వారు. ఆమె సొంత తమ్ముడే, "పో బావా, ఇరవై ఎనిమిది ఇంకా చాలా దూరం ఉంది" అన్నాడు. సిగ్గుతో చితికిపోవాల్సిన మాట అది. ఎవరిస్తో దాన్ని కౌంటరు దగ్గర ఒక మెప్పులాగ చెప్పుకు తిరిగాడు.

ఇక నీవెస్ సంగతి. ఆమె గోర్కాని పెళ్ళి చేసుకుని ఉత్తరాన బిల్బావోలో స్థిరపడింది. పిల్లల కోసం ఆరేళ్ళు మందులు మింగింది, సూదులు పొడిపించుకుంది, రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి జారిపోయింది. మూడేళ్ళ కిందటి డిసెంబరు ఇరవై ఎనిమిదిన ఆమెకి ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. ముక్కుతో మాట్లాడే డాక్టరెవరో, "శుభవార్త అమ్మా, ఈసారి నిలిచింది" అన్నాడు. ఆ డాక్టరు ఎవరిస్తో. వెంటనే గుట్టు విప్పలేదు. పండాలి కదా, ఇరవై నిమిషాలు ఆగాడు. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె మొగుడికి చెప్పింది, అత్తగారికి చెప్పింది, తను పాఠాలు చెప్పే బడిలో అందరికీ చెప్పింది, వంటింట్లో నేలమీద కూర్చుని ఏడ్చింది. అప్పుడు సొంత గొంతుతో ఫోను చేసి ఆ మాట అరిచాడు.

నీవెస్ ఫోను పెట్టేసింది. మూడేళ్ళయింది, మళ్ళీ ఎత్తలేదు. "అంతమాత్రానికే అలగాలా? నేటి పిల్లలకి హాస్యం తెలియదు" అనేవాడు మేకులు తూస్తూ. కొట్లోకి వచ్చినవాళ్ళు తలూపి, సరుకు తీసుకుని గబగబా పోయేవారు.

ఈసారి క్రిస్మస్ శుక్రవారం పడింది. పండగ భోజనానికి పిలిచింది అతని అక్క విసితాసియోన్ ఒక్కతే. ఊరంతా ఆవిడని విసీ అంటారు. పళ్ళెంలో గొర్రెమాంసం వడ్డిస్తూనే చెప్పింది.

"ఒరేయ్, ఇవాళంటే పండగ, తిను. ఇరవై ఎనిమిదిన మాత్రం నా గడప తొక్కావంటే చీపురు తిరగేస్తా."

"నేనేం చేశానే అక్కా?"

"ఏం చేశావో చెప్పడానికి నాకు నోరు రాదు. ఎక్కడికైనా పోయి ఒంటరిగా నవ్వుకో."

కొట్టు యజమాని సోమవారం కూడా సెలవు తీసుకోమన్నాడు. తీసుకోమనడం కాదు, బతిమాలాడు. శనివారం పొద్దున ఎవరిస్తో కారెక్కి టొలెడో పోయాడు. దగ్గర కాబట్టి వెళ్తున్నానన్నాడు అక్కతో. అంపారో గుర్తొచ్చా అని ఆవిడ అడగలేదు. అడిగితే కాదనే చెప్పేవాడు.

చౌకు వెనక సందులో గది తీసుకున్నాడు. ఇల్లుగలావిడ "ఒక్కరేనా?" అని అడిగితే, నోరూరుకోక, "మా ఆవిడ వెనకాల వస్తోంది" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మంచం మీద రెండు తువ్వాళ్ళు పెట్టి వెళ్ళింది. ఆదివారం పొద్దున, "మీ ఆవిడ ఇంకా రాలేదేం?" అని అడిగింది. "దారిలో ఉంది" అన్నాడు. ఆ రెండో తువ్వాలు మడత విప్పకుండా అలాగే ఉంది.

పెద్ద గుడికి పోయి ఆ వెలుగు పడే గోడ చూశాడు. మెడ వెనక్కి వంచి మూడు నిమిషాలు నిలబడ్డాడు. "ఇంతేనా?" అన్నాడు పైకే. పక్కన అవునని గానీ కాదని గానీ అనేవాళ్ళు లేరు. ఆదివారం చినుకులు పడ్డాయి. రాళ్ళు పరిచిన ఏటవాలు సందుల్లో జారిపడకుండా గోడలు పట్టుకుని నడిచాడు, నాలుగుసార్లు దారి తప్పాడు. ఏ సందులో దూరినా తిరిగి ఒకే మఠం గోడ దగ్గర తేలాడు. పండగ రోజులు, ఎక్కడ చూసినా కుటుంబాలు. హోటల్లో ఒంటరివాడికి మరుగుదొడ్డి పక్క బల్ల తప్ప దొరకదు. అక్కడే కూర్చుని బఠానీలు వేసిన పందిమాంసం కూర రొట్టెతో అద్దుకుని తిన్నాడు. ఎదురు కుర్చీని పక్క బల్లవాళ్ళు అడక్కుండానే లాక్కుపోయారు. రెండు రోజుల్లో అతను మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక చిరునామా అంత ఉండవు. నాకైతే జాలి వేయదు. మీకు వేస్తే మీ ఇష్టం.

సోమవారం తెల్లారింది. ఎవరిస్తో మనిషి మారిపోయాడు. ముందు రోజు సాయంత్రం కత్తెర కొని, పాత పత్రికతో పదకొండు బొమ్మలు కత్తిరించి పెట్టుకున్నాడు. పది గంటల లోపల ఒక పోస్టుమాన్ వీపుకీ, ఒక గైడు వీపుకీ, బాదం మిఠాయి కొనుక్కుంటున్న ఒక సన్యాసిని వీపుకీ అంటించేశాడు. ఆ ఉత్సాహంతోనే చౌకు మూలనున్న బారులోకి పోయి కాఫీ అడిగాడు. బారు నడిపే ఇలారియో నలభై ఏళ్ళవాడు, మాటకారి. పంచదార డబ్బా ముందుకి తోశాడు.

"వేసుకోండి బాబాయ్, మొహమాటపడకండి."

ఎవరిస్తో వేలి కొసతో నాకి చూశాడు. "ఉప్పు. నువ్వు పుట్టకముందే నేనిది వదిలేశానోయ్."

బారంతా నవ్వింది. పక్కన మిఠాయి కొట్టు నడిపే ఎన్‌గ్రాసియా కూడా అక్కడే ఉంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి, గట్టి గొంతు. "ఎవరయ్యా ఈయన? ఇలారియోనే బోల్తా కొట్టించాడే!" అంది. రెండు రోజుల తర్వాత తనని చూసి నలుగురు నవ్వేసరికి ఎవరిస్తోకి ప్రాణం లేచి వచ్చింది. తన పాత ఘనకార్యాలు ఒక్కొక్కటే విప్పాడు. అంపారో పెట్టె కథ చెప్పాడు. విరగబడి నవ్వారు. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. నీవెస్ పేరు చూసి అతని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తేదీ గుర్తొచ్చింది.

"చూడండి, చూడండి. మూడేళ్ళుగా పలకని కూతురు. ఇవాళే చేస్తోంది." అందరికీ వినపడేటట్టు స్పీకరు పెట్టి, ఫోను బల్లమీద నిలబెట్టాడు.

"నాన్నా, నేనే. నీవెస్‌ని."

"చెప్పు తల్లీ."

"నువ్వు టొలెడోలో ఉన్నావని విసీ అత్త చెప్పింది. నేనూ ఇక్కడే ఉన్నా, స్టేషన్లో. పండక్కి మాడ్రిడ్ వచ్చాం, గోర్కా వాళ్ళ పిన్ని ఇంటికి. పొద్దున బండెక్కి వచ్చేశా. నాన్నా, నాకు పాప పుట్టింది. అయిదు నెలలు. నీకు చూపిద్దామని తెచ్చా."

ఎవరిస్తో ఇలారియోకి కన్ను గీటాడు. "అలాగా! పేరేం పెట్టావు?"

"ఒలాయా."

అది ఎవరిస్తో తల్లి పేరు. అరచేత్తో ఫోను మూసి, "అబ్బ, ఎంత బాగా అల్లింది! మా అమ్మ పేరు పెట్టింది చూశారా!" అని గుసగుసలాడాడు. వెనక పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

"ఏడుపు కూడా పెట్టావే! కొంచెం శ్రుతి తగ్గించు, మరీ ఎక్కువైంది."

"నాన్నా, ఏం మాట్లాడుతున్నావు?"

"మూడేళ్ళ కిందట నేను చెప్పిందే తిప్పి నాకే చెబుతున్నావు. ఇంకేదైనా చెప్పి ఉంటే ఒకవేళ నమ్మేవాణ్ణేమో. నీ కడుపున పిల్లా? ఆ కడుపునా?"

బారు గొల్లుమంది. ఎన్‌గ్రాసియా ఒక్కతే నవ్వడం ఆపింది. తర్వాత నీవెస్ మెల్లగా అడిగింది.

"ఇవాళ ఎంత తారీఖు?"

"నీకు తెలీదా పాపం!"

"ఇరవై ఎనిమిదా... అయ్యో. పాప పుట్టాక నాకు వారాలూ తేదీలూ ఏవీ గుర్తుండట్లేదు నాన్నా. నిజంగా గుర్తులేదు. ఇది వేళాకోళం కాదు. ఒట్టు. అమ్మ మీద ఒట్టు."

"అందరూ అదే వేస్తారు. ఇనోసెంతె!"

"ఒంటిగంటా ఇరవై అయిదుకి బండి ఉంది." ఆమె ఏడవడం లేదు, మాట మాత్రం ఆగి ఆగి వస్తోంది. "అప్పటిదాకా ఇక్కడే కూర్చుంటా. అత్త నన్ను చాలా బతిమాలింది నాన్నా, ముసలివాడైపోతున్నాడు, ఒక్కసారి వెళ్ళు అని. నేను వచ్చా. నువ్వూ రా. రాకపోతే మళ్ళీ నేను రాను."

ఫోను పెట్టేసింది. చప్పట్లు కొట్టారు. కాఫీ తనే ఇప్పిస్తానన్నాడు ఇలారియో.

"ఏమయ్యా, ఆ పిల్ల గొంతు నిజంలాగే ఉందే" అంది ఎన్‌గ్రాసియా.

"నిజంలా ఉండడమే పనితనం తల్లీ. నా కూతురు కదా."

నీవెస్ చెప్పిన ప్రతి అక్షరమూ నిజం. కథ చెప్పేదాన్ని నేను, నాకు తెలుసు. మీకూ తెలిసింది. తెలియనిది ఎవరిస్తో ఒక్కడికే. అప్పటికి పదకొండు గంటలు కూడా కాలేదు. స్టేషను కొండకింద, నది దాటితే ఎదురుగానే ఉంది. ముసలికాళ్ళతో నడిచినా అరగంట.

బారులోంచి బయటికొచ్చి ఊరు చూడ్డం మొదలుపెట్టాడు. చూడ్డానికే వచ్చాడు మరి. పాత యూదుల పేటలో తిరిగాడు. నదిమీది పాత వంతెన దాకా దిగి, మళ్ళీ ఎక్కాడు. వీపుల మీద బొమ్మలతో జనం తిరుగుతూనే ఉన్నారు గానీ అతని జేబులోవి బయటికి రాలేదు. పన్నెండు దాటుతుండగా అక్కకి ఫోను చేశాడు. నీవెస్ అబద్ధం చెప్పిందని ఆవిడ నోట అనిపించుకుంటే చాలు, హాయిగా తిరుగుతానని అతని ఆశ.

"అక్కా, నీవెస్ నీకేమైనా చెప్పిందా?"

"వచ్చిందా? పాపని చూశావా?" విసీ గొంతు ఒక్కసారి పైకి లేచింది. "ఎలా ఉందిరా? చెవులు అచ్చం మన అమ్మవే కదూ!"

"నువ్వూ చేరావన్నమాట ఇందులో."

"ఎందులో? ఒరేయ్, నువ్వెక్కడున్నావు?"

"రెండో సాక్షిని పెట్టడం నేనే నేర్పాను మీకు. ఒకరు చెబితే అనుమానం, ఇద్దరు చెబితే నిజం."

సంగతి అర్థమయ్యేసరికి విసీ ఏడుపు అందుకుంది. "నీ కాళ్ళు పట్టుకుంటానురా. ఈ రెండేళ్ళూ ఆ పిల్ల కాళ్ళు పట్టుకున్నా, ఇప్పుడు నీవి పట్టుకుంటా. పో. పరిగెత్తు. ఏ రోజు వస్తుందో నేనూ అడగలేదు. తప్పు నాదే అనుకో. ముందు పో."

"ఏడుపు బాగా వచ్చిందే అక్కా. నాటకాల్లో చేరాల్సింది."

ఆవిడ అతన్ని తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను. ఫోను పెట్టేసి ఫొటో పంపింది. ఉన్ని టోపీ పెట్టుకున్న పసిపిల్ల. టోపీ కిందనుంచి రెండు చెవులూ విసనకర్రల్లా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పొసువేలో ఇంటి చెవులు. ఎవరిస్తో మెట్లమీద కూర్చుని ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేశాడు. చెవులు చూసి మరీ ఏరారు అనుకున్నాడు. ఎక్కడ దొరికిందో ఇంతలేసి చెవుల పిల్ల!

అతనికి నవ్వు రాలేదు. నిజమైతే బాగుండునని అనిపించింది. అదే అతన్ని భయపెట్టింది. నలభై ఏళ్ళు ఎదుటివాళ్ళ మొహాల్లో అతను వెతికింది సరిగ్గా ఆ కోరికనే. ఎవరికి ఏది నిజమైతే బాగుండునో కనిపెట్టి, అది చెప్పడమే అతని విద్య. అంపారోకి టొలెడో. నీవెస్‌కి బిడ్డ. ఇప్పుడు తనకేం కావాలో ఎవరో కనిపెట్టేశారు. స్టేషనుకి పోతే తన కొట్టువాళ్ళు, సంత వీధి జనం, అక్క, అందరూ స్తంభాల వెనకనుంచి ఫోన్లు పట్టుకుని బయటికి దూకుతారు. ఊరంతా ఆ వీడియో చూస్తుంది. చూడ్డానికి వెళ్ళినవాడంటే నమ్మినవాడే.

అయినా పన్నెండు నలభైకి అతని కాళ్ళు కొండ అంచు వైపు నడిచాయి. అక్కణ్ణుంచి స్టేషను గడియారం బురుజు కనిపిస్తుంది. మనుషులు కనపడరు. పది నిమిషాలు పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ఒక ఉపాయం తట్టింది. వెళ్ళాలి, కానీ నమ్మినవాడిలా కాదు. వాళ్ళు అరవకముందే తనే అరవాలి. ఆ ఆలోచన రాగానే గుండెలమీద బరువు దిగినట్టయింది. కొండవాలుకి కట్టిన కదిలే మెట్లమీద నిలబడకుండా, ముందున్నవాళ్ళని తోసుకుంటూ దిగాడు. వంతెన మీద దాదాపు పరిగెత్తాడు. ఆ పరుగు నీవెస్ చూసి ఉంటే బాగుండేది.

స్టేషన్లోకి అడుగుపెట్టేసరికి ఒంటిగంటా ఎనిమిది. రంగు అద్దాలు, పలకల గోడలు, పొడుగాటి చెక్క బెంచీలు. ఆ చివర బెంచీ మీద నీవెస్ కూర్చుని ఉంది. చిక్కిపోయింది. పక్కన పిల్లల తోపుడుబండి. ఆమె కళ్ళు గుమ్మం వైపే ఉన్నాయి గానీ, ఎవరిస్తో అప్పటికే స్తంభం చాటుకి తప్పుకున్నాడు. అందరూ ఎక్కడ దాక్కున్నారో కనిపెట్టాలి ముందు. పత్రికల దుకాణం వెనక చూశాడు. మరుగుదొడ్డి తలుపులు తోసి చూశాడు. లాకర్ల సందులో చూశాడు. ప్లాట్‌ఫారం గేటు దగ్గర టికెట్లు చూసే అమ్మాయి దగ్గరికి పోయి గొంతు తగ్గించాడు.

"అమ్మాయ్, నిజం చెప్పు. వాళ్ళెక్కడ దాక్కున్నారు?"

"ఎవరండీ?"

"నీకూ చెప్పొద్దన్నారా? అదిగో, ఆ బెంచీ మీద కూర్చున్నావిడ. నా కూతుర్నంటూ నాటకమాడుతోంది. పిల్ల కూడా ఉత్తిదే. ఇవాళ ఇరవై ఎనిమిది కదా."

ఆ అమ్మాయి నవ్వి, "నాకేం తెలీదు తాతగారూ" అంది. ఆ నవ్వుతో అతనికి అనుమానం పూర్తిగా తీరిపోయింది. దానికీ తెలుసు. అందరికీ తెలుసు.

ఒంటిగంటా పదిహేడుకి స్తంభం వెనకనుంచి బయటికొచ్చాడు. నీవెస్ చూసింది. లేచి నిలబడింది. మూడేళ్ళ తర్వాత ఆమె మొహంలో, కొత్త బూట్లు తొడుక్కున్న ఆరేళ్ళప్పటి సంతోషం ఒక్కసారి కనపడింది. చేతులు రెండూ కొంచెం ముందుకి వచ్చాయి. "నాన్నా" అంది.

ఎవరిస్తో ఆమెవైపు చూడలేదు. తోపుడుబండి వైపు చూశాడు. ఉన్ని టోపీ, మెడదాకా దుప్పటి, కదలిక లేదు. ఈరోజుల్లో బొమ్మల్ని ఎంత బాగా చేస్తున్నారు! వంగి, దుప్పటి లాగేసి, మేజోడు తొడిగిన ఒక కాలు పట్టుకుని, అందరూ చూసేలా పైకెత్తాడు.

"ఇనోసెంతె! రండ్రా బయటికి! నన్నా మీరు..."

నడుముకి కట్టిన పట్టీ వల్ల పిల్ల పైకి రాలేదు, కాలే వచ్చింది. అతని గుప్పిట్లో అది వెచ్చగా ఉంది. అది తన్నింది. తర్వాత నిద్రలోంచి ఉలిక్కిపడ్డ పసిబిడ్డ ఊపిరి తిప్పుకోకుండా పెట్టిన కేక ఆ పలకల గోడలన్నిటికీ తగిలింది. అప్పటికీ అతను కాలు వదల్లేదు. ఏం పట్టుకున్నాడో బుర్రకి ఎక్కలేదు. నీవెస్ అతని వేళ్ళని ఒక్కొక్కటే విడదీసింది.

"నేను... బొమ్మ అనుకున్నా."

నీవెస్ మోకాళ్ళమీద కూర్చుని పిల్ల కాలు అటూ ఇటూ తిప్పి చూసింది. తుంటి దగ్గర తాకితే పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. మేజోడు సరిచేసింది. పట్టీ విప్పి, ఎత్తుకుని, టోపీ ఊడిపోయిన తలని భుజానికి ఆనించుకుంది. చెవులు రెండూ ఎర్రబడి ఉన్నాయి. ఎవరిస్తో వాటిని చూశాడు. ఫొటోలోవే.

"నీవెస్. ఒక్కసారి ఎత్తుకోనీ. ఒక్కసారి."

ఒక చేత్తో పిల్లని పట్టుకుని, ఇంకో చేత్తో బండి తోసుకుంటూ ఆమె గేటువైపు నడిచింది. చక్రం ఒకటి పట్టేసి పక్కకి లాగుతోంది. సాయం చెయ్యబోయాడు. బండిని అతనికి అందకుండా తనవైపు తిప్పుకుంది. గేటు దగ్గర టికెట్లు చూపించి లోపలికి వెళ్ళింది. అతను వెనకే దూరబోతే టికెట్లు చూసే అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె మొహంలో ఇప్పుడు నవ్వు లేదు.

"మీ టికెట్టు?"

"టికెట్టు లేదమ్మా, నేను వాళ్ళ నాన్నని. అది నా కూతురు. ఆ పాప నా మనవరాలు."

"ఇందాక మీరే కదండీ అన్నారు, కూతురు కాదు, పిల్ల కూడా ఉత్తిదేనని?"

"అది ఇందాక! ఇప్పుడు చెబుతున్నది నిజం. ఒట్టు."

ఆ అమ్మాయి అతన్ని ఒకసారి చూసి, లోపలికి తిరిగి పిలిచింది. "మేడమ్! ఒక్క నిమిషం. ఈయన మీ నాన్నగారా?"

నీవెస్ ఆగింది. పాప ఇంకా వెక్కుతూనే ఉంది. ఆమె అతనివైపు చూసింది, మొహం మొత్తం చూసింది, తొందరేమీ లేనట్టు చూసింది.

"కాదు" అంది.

రైలుపెట్టెలో ఎక్కింది. ఎవరో ఒకాయన తోపుడుబండి అందించాడు. ఎవరిస్తో పెదవులు ఒక చిరునవ్వులోకి తిరిగాయి. టికెట్లు చూసే అమ్మాయి మోచెయ్యి తట్టి, "చూశావా, ఎంత నిజంలా చెప్పిందో! నా రక్తం. ఇప్పుడు చూడు, కిటికీ దగ్గరికొచ్చి అరుస్తుంది" అన్నాడు.

ఒంటిగంటా ఇరవై అయిదుకి రైలు కదిలింది. అతను ఆ చిరునవ్వుతోనే కిటికీలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డాడు, చివరి పెట్టె దాటిపోయేదాకా.